జింకకు ఏ తూటా?

టెక్సాస్‌లో డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ వేట నేర్చినవాళ్లు నలుగురు కూడితే మాట తూటాల మీదికి మళ్లుతుంది. ఒకరికి .270 వించెస్టర్ అంటే ప్రాణం. ఇంకొకరు .308 ఉండగా వేరేది ఎందుకంటారు. కొత్తగా లైసెన్సు తీసుకున్నవాడు 6.5 క్రీడ్‌మూర్ పేరెత్తుతాడు. నవంబర్ మొదటి శనివారం అక్కడ చాలాచోట్ల తెల్లతోక జింకల సీజన్ మొదలవుతుంది కాబట్టి దసరా, దీపావళి రోజుల్లో ఈ చర్చకు మంచి ఊపు.

అదే ప్రశ్నను నారాయణపేట జిల్లా కోస్గిలో వేస్తే జవాబు చెప్పేవాళ్లుండరు. ఈ మెట్ట నేలల జింక కృష్ణజింక. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో పులి పక్కన దాని పేరుంది. దాన్ని చంపినవాడికి మూడేళ్లకు తగ్గని, ఏడేళ్ల దాకా పొడిగించగల జైలుశిక్ష, దాంతోపాటు జరిమానా. ఇక్కడ తూటా గురించి మాట్లాడటమంటే నేరం గురించి మాట్లాడటమే.

అయినా ఆ ప్రశ్నను ఇక్కడ వేయాల్సిందే అనిపిస్తుంది. ఈ నేల మీద ఏ తూటా పేలాలో వేటగాడు ఎన్నడూ నిర్ణయించలేదు, రాజ్యమే నిర్ణయించింది. ఆ చరిత్ర మనకు సరిగా తెలియదు. ఇక రెండోది, నాకు ఎక్కువ ముఖ్యమైనది. మంచి వేటగాడు తూటా ఎంచుకునేటప్పుడు మనసులో పెట్టుకునే సూత్రం ఒకటే: ప్రాణి విలవిల్లాడకూడదు. పాలమూరు చేలల్లో ఇవాళ జింకకూ రైతుకూ మధ్య నడుస్తున్న పోరులో పూర్తిగా మరుగున పడిపోయింది ఈ సూత్రమే.

కంది మొలక, జింక మంద

కోస్గి చుట్టూ ఉన్నది వాన మీద బతికే వ్యవసాయం. ఎర్రనేలలు, మధ్యమధ్య నల్లరేగడి. కంది, జొన్న, పెసర, ఇప్పుడు ఎక్కువగా పత్తి. పొరుగునున్న తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రుచికి కారణమైన నేల, గాలి, కొంచెం తేడాతో కోస్గి పొలాలవీ. వానలు ముఖం చాటేసిన ఏడాది మూట సర్దుకుని ముంబయి, పుణె బస్సెక్కిన తరాల ఊళ్లివి. అలాంటి చోట మొలకెత్తిన ప్రతి సాలుకూ విలువ వేరు.

ఇక్కడి నుంచి దక్షిణానికి, మక్తల్, మాగనూరు, కృష్ణా మండలాల వైపు పోతే నేల మరింత చదునవుతుంది. కర్ణాటక నుంచి వచ్చే భీమ కృష్ణలో కలిసేది ఆ వైపే. కృష్ణజింకల పెద్ద మందలు కనిపించేదీ అక్కడే. దట్టమైన అడవి కృష్ణజింకకు పనికిరాదు. దానికి కావలసింది నాలుగు దిక్కులా చూపు ఆనే బయలు, పొట్టిగడ్డి, ప్రమాదం పసిగట్టగానే పరుగుతీయడానికి జాగా. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగం దాని కవచం. మగది ఈడుకొచ్చే కొద్దీ వీపు నల్లబడుతుంది, కొమ్ములు మెలితిరిగి పెరుగుతాయి. ఆడదానికి మామూలుగా కొమ్ములుండవు, ఒళ్లు గోధుమరంగు. మామూలుగా ముప్ఫై అయిదు, నలభై కిలోలుండే ప్రాణి.

ఒకప్పుడు దానికి బయలుండేది. ఊరి బంచరాయి, కంచె భూములు, ఏటి ఒడ్డు బీళ్లు. ఆ బీళ్లలో చాలా భాగం సాగులోకి వచ్చాయి, కొన్ని ప్లాట్లయ్యాయి. కాలువలు, ఎత్తిపోతలు వచ్చి నీళ్లు పారిన చోట పచ్చదనం పెరిగింది. చీతా ఎప్పుడో పోయింది, తోడేలు అరుదైంది. పొట్టిగడ్డికి అలవాటుపడ్డ నోటికి వానాకాలం మొదట్లో దొరికేవి పత్తి మొలకలు, పెసర ఆకులు, కంది చిగుళ్లు. మంద ఒక రాత్రి చేలో దిగితే మేసింది కొంత, తొక్కింది కొంత, మిగిలేది ఖాళీ సాళ్లు. మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ అదను కోసం మబ్బు వైపు చూడాలి. మంచె మీద రాత్రులు గడిపే మనిషికి జింక అందం గురించి చెప్పబోవడం అన్యాయం.

రాజ్యం ఎంచిన తూటా

నారాయణపేట విడిపోకముందు ఉన్న ఉమ్మడి పాలమూరు జిల్లాకు మహబూబ్‌నగర్ పేరు వచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వల్ల. ఆయన గురిగల వేటగాడిగా పేరుమోశాడు. ఇదే పాలమూరులో నల్లమల మీదున్న ఫర్హాబాద్ నిజాముల వేటభూమి. ఇప్పుడది అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో భాగం. దొరల వేటలు అప్పట్లో రాజకీయాలు కూడా. 1893 జనవరిలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హైదరాబాద్ వచ్చి నిజాం ఆతిథ్యంలో వేటాడాడు. తర్వాత 1914లో సరయేవోలో ఈయన హత్యతోనే మొదటి ప్రపంచ యుద్ధానికి నిప్పంటుకుంది. బతికినన్నాళ్లూ తాను చంపిన జంతువులకు లెక్క రాయించుకున్న మనిషి, ఆ లెక్క రెండు లక్షల డెబ్భై వేలు దాటింది. 1902లో వైస్రాయ్ కర్జన్ దంపతులు వరంగల్ వైపు నెక్కొండలో పులిని కొట్టి దాని ముందు నిలబడిన ఫొటో లాలా దీన్‌దయాళ్ స్టూడియో తీసింది. 

కృష్ణజింక వేటకు నవాబులు తుపాకీ కంటే చీతానే మెచ్చేవాళ్లు. కళ్లకు గంతలు కట్టిన చీతాను ఎడ్లబండి మీద మంద దాకా తీసుకుపోయి, గంతలు విప్పి వదిలేవాళ్లు. నేల మీద అత్యంత వేగం గల ప్రాణుల్లో రెండింటి పరుగు కొన్ని క్షణాల్లో తేలిపోయేది. మన దేశంలో చీతా అంతరించినట్టు 1952లో ప్రకటించారు. కృష్ణజింక మిగిలింది, దాన్ని తరిమిన వేగం మాయమైంది.

దొరల చేతుల్లో ఏ రైఫిల్ ఉన్నా అడిగేవాళ్లు లేరు. మిగిలిన వాళ్ల కథ వేరు. 1878లో వైస్రాయ్ లిట్టన్ తెచ్చిన ఆయుధాల చట్టంతో దేశస్థుడి చేతిలోని తుపాకీకి లైసెన్సు తప్పనిసరైంది. అప్పటి నుంచి బ్రిటిషు సర్కారుకు పట్టుకున్న భయం ఒకటే: సైన్యం తూటాలు దొంగతనంగా జనంలోకి పోతే? తిరుగుబాటుదారుల చేతుల్లో పాత మార్టిని-హెన్రీ తుపాకులున్నాయని 1907 ప్రాంతంలో .450 బోరు తూటాలను భారత్‌లోకి, సూడాన్‌లోకి రాకుండా ఆపేశారు. దాంతో లండన్ తుపాకీ కంపెనీలు రాత్రికి రాత్రి .465, .470 లాంటి కొత్త కొలతలు పుట్టించాయి. ఏనుగు, అడవిదున్న వేటగాళ్లు ఇప్పటికీ భక్తితో తలిచే .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ అలా పుట్టిందే. వేటగాళ్లు గొప్ప తూటా అని పొగిడేదాని పుట్టుక వెనుక ఉన్నది ఒక వలస ప్రభుత్వపు అనుమానం.

సైన్యం వాడే .303ను మామూలు జనానికి నిషేధించారు. మరి సివిలియన్‌కు ఏమివ్వాలి? సైన్యం డిపోలో దొరకనిది ఇవ్వాలి. అలా వచ్చిందే మన దేశంలో ఇప్పటికీ లైసెన్సు మీద దొరికే .315 బోరు. దీని అసలు పేరు 8×50 మాన్‌లిషర్. ఆస్ట్రియా సైన్యం పద్దెనిమిదివందల ఎనభైల చివర్లో తన రైఫిల్ కోసం చేయించుకున్న తూటా. హైదరాబాద్‌లో వేటాడిపోయిన ఆ యువరాజు దేశపు సైనిక తూటాయే చివరికి మన దగ్గర పంట కాపలాదారుకూ, బ్యాంకు సెంట్రీకీ దక్కిన రైఫిల్ తూటా అయింది. స్వాతంత్ర్యం వచ్చాక బెంగాల్‌లోని ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఈ బోరులోనే స్పోర్టింగ్ రైఫిల్ చేసి అమ్మింది. దొర పోయినా దొర గీసిన గీత పోలేదు.

ఈ .315 జింక వేటకు మంచిదా అని అడిగితే, పక్షపాతం లేకుండా చెప్పాలంటే, అంతగా కాదు. దాని గుండు బరువు, సుమారు పదహారు గ్రాములు, గుండ్రటి మొన. వేగం తక్కువ. దగ్గర్లో బలంగానే తగులుతుంది. కానీ దూరం పెరిగే కొద్దీ గుండు వంపు తిరిగి కిందికి దిగిపోతుంది. మధ్యలో చెట్టూ పుట్టా లేని బయల్లో కృష్ణజింక మనిషిని రెండొందల మీటర్ల దూరంలోనే పసిగడుతుంది. అక్కడి నుంచి కొడితే గుండు దిగాల్సిన చోట దిగదు, పొట్టలోనో కాలులోనో దిగుతుంది.

రైఫిల్ దొరకనివాళ్లకు పన్నెండు బోరు తుపాకీ. పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీ చేసిన శక్తిమాన్ తూటాలు, లోపల ఛర్రాలు. పెద్ద జంతువులకు ఎల్‌జీ, ఎస్‌జీ, పిట్టలకు సన్న నంబర్లు. ఎల్‌జీలో ఉండేవి ఆరే గుండ్లు, నలభై గజాలు దాటితే అవి చెదిరిపోతాయి. నలభై గజాల దాకా కృష్ణజింక మనిషిని రానివ్వదు. కాబట్టి పన్నెండు బోరుతో బయలు జింకను కొట్టడమంటే ఎక్కువ సార్లు గాయపరచి వదిలేయడమే.

1959 ఆయుధాల చట్టంలో రైతు కోసం రాసిన మాట కూడా ఉంది. నిజంగా పంట కాపలా కోసమే అడిగినవాడికి మందు దట్టించి పేల్చే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని పదమూడో సెక్షన్ చెబుతుంది. గొట్టంలో మందు పోసి, గుడ్డ కుక్కి, గుండు దింపి, కప్సు పెట్టి పేల్చే ఈ తుపాకీ ఒకసారి పేలితే మళ్లీ సిద్ధం కావడానికి చాలాసేపు పడుతుంది. చట్టం రాసినవాళ్లు రైతుకు ఇచ్చింది చప్పుడు చేసి మందను తోలే సాధనం అని నా నమ్మకం. ఆ మేరకు అది తెలివైన పనే.

లైసెన్సూ తుపాకీ రెండూ లేనివాళ్లున్నారు. పాలమూరు పల్లెలకు ఏడాదికోసారి వచ్చే పిట్టలోళ్లు వలలు, ఉచ్చులతో కౌజులు, పూరేళ్లు, కుందేళ్లు పట్టి పొట్టపోసుకున్నారు. నల్లమల చెంచులు విల్లంబులతో బతికారు. 1943లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చెంచుల మీద రాసిన పుస్తకంలో ఆ జీవితం ఉంది. తెలంగాణ పల్లె వీధుల్లో ఖాకీ ప్యాంటు, నెత్తిన టోపీ, చేతిలో కట్టె తుపాకీతో వచ్చి కోతలు కోసే పిట్టలదొర వేషం మనలో చాలామంది చిన్నప్పుడు చూసిందే. తుపాకీ ముట్టే అర్హత లేని జనం తుపాకీ పట్టిన దొరను కట్టె తుపాకీతో ఎదుర్కొన్న కళ అది. ఈ జిల్లా తుపాకీ చరిత్ర రాసేవాళ్లెవరైనా ఆ వేషానికి ఒక అధ్యాయం కేటాయించాలి.

టెక్సాస్‌లో మన చుక్కల దుప్పి

2014 నవంబర్‌లో కొత్త రాష్ట్రం తెలంగాణ తన చిహ్నాలను ప్రకటించినప్పుడు చుక్కల జింకను రాష్ట్ర జంతువుగా ఎంచుకుంది. ఉమ్మడి రాష్ట్రానికి అప్పటిదాకా కృష్ణజింక ఉండేది, అది ఆంధ్రప్రదేశ్‌కు ఉండిపోయింది. ఈ రెండూ టెక్సాస్‌లో ఉన్నాయి. 1930ల్లో అక్కడి గడ్డిభూముల్లోకి తెచ్చి వదిలిన చుక్కల దుప్పిని అక్కడివాళ్లు యాక్సిస్ డీర్ అంటారు. కంచె దాటి అడవుల్లో పడి అవి వేలాదిగా పెరిగాయి. బయటి దేశం నుంచి వచ్చినవి కాబట్టి వాటికి వేట సీజన్ అంటూ లేదు, ఎన్ని కొట్టాలన్న పరిమితీ లేదు. వేట లైసెన్సు, భూమి యజమాని అనుమతి ఉంటే చాలు. మన రాష్ట్ర చిహ్నం అక్కడ ఏడాది పొడుగునా తూటాకు అందుబాటులో ఉంది. అంతకు ముందే, 1860ల్లో, హవాయి రాజు అయిదో కమెహమెహాకు కానుకగా చుక్కల దుప్పులు పోయి మొలొకై దీవిలో పెరిగాయి. అక్కడ ఇప్పుడు వాటి సంఖ్య తగ్గించడమే పెద్ద పని. ప్రాణికి అపరాధం లేదు. దాన్ని దాని ఆకలికి, దాని శత్రువుకు దూరం చేసి ఇంకోచోట పెట్టిన మనిషిదే తప్పు.

టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు ఎవరైనా వేటకు పోవాలంటే వేట శిక్షణ పూర్తిచేయాలి. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ కలిగి ఉండకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉంటే ఆ అడ్డు తొలగుతుంది. హెచ్1బీ మీద పోయిన మన పిల్లల్లో వేటకు పోయే ఉద్దేశం లేనివాళ్లు కూడా ఆ లైసెన్సు తీసుకోవడానికి దారి తీసే నిబంధన ఇది. అక్కడ తుపాకీ ఎంత సులువో, తుపాకీతో వచ్చే బాధ్యత నేర్పేవాళ్లు అంత తక్కువని నా ఆందోళన.

ఇక అసలు సంగతి, ఏ తూటా? వేటగాడు తనను తాను వేసుకునే మొదటి ప్రశ్న తూటా గురించి ఉండకూడదు. ఎంత బరువు జంతువు, ఎంత దూరం నుంచి, నా భుజం ఎంత ధక్కా తట్టుకుంటుంది, ఇవి ముందు. గుండు తగలాల్సిన చోటు ముంగాలి భుజం వెనుక, గుండె, ఊపిరితిత్తులుండే చోటు, పెద్ద దోసెడంత. అక్కడ దిగితే జింక కొన్ని క్షణాల్లో పడిపోతుంది. నాలుగు వేళ్లు వెనక్కి జరిగితే పొట్టలో పడి, పొదల్లో దూరి, గంటలు, కొన్నిసార్లు రోజులు యాతనపడి చస్తుంది. తూటాలో ఉన్న శక్తి కంటే ఆ నాలుగు వేళ్ల తేడా ముఖ్యం.

అందుకే చిన్న ఒళ్లున్న జంతువుకు .243 వించెస్టర్‌ను అనుభవజ్ఞులు మెచ్చుకుంటారు. 1955లో .308 తూటా కేసు మెడను సన్నగా చేసి పుట్టించింది ఇది. ఆరున్నర గ్రాముల గుండు సెకనుకు తొమ్మిదివందల మీటర్ల దాకా పోతుంది, భుజానికి ధక్కా తక్కువ. ధక్కా తక్కువైతే పేల్చేటప్పుడు కళ్లు మూసుకోరు, చేయి వణకదు, గుండు అనుకున్న చోటికి పోతుంది. కృష్ణజింక బరువుకు ఇంతకంటే అవసరం లేదు. పెద్ద మగ చుక్కల దుప్పి ఎనభై, తొంభై కిలోలుంటుంది. దానికి .270 గానీ, .308 గానీ.

1925 నాటి .270 సుదూరాలకు తిన్నగా పోయే తూటా. జాక్ ఓకానర్ అనే అమెరికన్ రచయిత తన జీవితమంతా దాన్ని పొగిడి రాశాడు, అది అంత ప్రచారంలోకి రావడంలో ఆ రాతలకు వాటా ఉంది. 1952లో వచ్చిన .308 సైన్యపు తూటాతో దాదాపు సమానం, ఎక్కడ చూసినా దొరుకుతుంది, ధర అందుబాటులో ఉంటుంది. దానికి తాతలాంటిది 1906 నాటి .30-06. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు కూడా ఈ బోరులో రైఫిల్, తూటాలు చేశాయి. అడవి దట్టంగా ఉండి వంద మీటర్ల లోపే కాల్చే చోట 1895 నాటి .30-30 ఇప్పటికీ పనికొస్తుంది. అది లీవర్ రైఫిల్ గొట్టంలో తూటా వెనుక తూటా వరుసగా పడుకునే తూటా కాబట్టి మొన చదునుగా ఉంటుంది. మొన వాడిగా ఉంటే వెనుకది ముందుదాని కప్సును పొడిచి లోపలే పేలిపోయే ప్రమాదం. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ ఇవాళ అందరి నోటా ఉంది. సన్నని పొడవాటి గుండు, గాలికి తక్కువ పక్కకు పోతుంది, ధక్కా మధ్యస్థం. నేను వేటగాణ్ని కాను, కానీ వినిపించే వాదనల్లో నాకు నచ్చింది ఒకటే: ఏ తూటాతో నీకు వంద మీటర్లలో అయిదుకు అయిదు దోసెడు చోటులో పడతాయో, అదే నీ తూటా. వేటగాడి ముచ్చట కంటే జింక చావు ఎంత త్వరగా జరుగుతుందన్నది పెద్ద సంగతి కాబట్టి.

గుండు తయారీలోనూ ఈ జాలి ఉంది. సైన్యం గుండు చుట్టూ రాగి తొడుగు పూర్తిగా ఉంటుంది, ఒంట్లోంచి సూటిగా దూసుకుపోతుంది. వేటకు వాడేది మెత్తని మొన ఉన్న గుండు. తగలగానే పువ్వులా విచ్చుకుని తన శక్తినంతా లోపలే వదిలేస్తుంది. చూడ్డానికి క్రూరంగా తోస్తుంది, నిజానికి అదే బాధను తగ్గిస్తుంది. గురి తప్పిన తూటాలకు ముందు తరాలు చెల్లించిన మూల్యం తక్కువ కాదు. కుమావూఁలో 1907లో జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టనపెట్టుకుందని లెక్క. దాని నోట్లో కుడివైపు కోరలు పాత తుపాకీ గాయంతో విరిగిపోయి ఉన్నాయి. ఎవరో సరిగా గురిపెట్టకుండా పేల్చి, వదిలేసి పోయిన తూటా అది. మన అప్పటి చిత్తూరు జిల్లా మామండూరు, చామల అడవుల్లో తిరిగి .405 వించెస్టర్‌తో వేటాడిన కెన్నెత్ ఆండర్సన్ కథల్లోనూ ఇలాంటి గాయపడ్డ జంతువులు పదేపదే ఎదురవుతాయి.

కరెంటు తీగ

1972 సెప్టెంబర్‌లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర షికారు తలుపు మూసుకుంది. మూసుకోవాల్సిందే. నిజాంల వేటభూమిగా ఉన్న వనస్థలిపురం నేలను 1975లో కృష్ణజింకల కోసం మహావీర్ హరిణ వనస్థలిగా మార్చారు, 1994లో అది జాతీయ ఉద్యానవనమైంది. హైదరాబాద్ దాటిపోయే విజయవాడ బస్సుల్లోంచి చూస్తే దాని గోడ కనబడుతుంది. చట్టం ఎంత బలమైనదో పెద్దవాళ్లకూ తెలిసొచ్చింది. 1998లో జోధ్‌పూర్ దగ్గర కాంకాణిలో కృష్ణజింకలను చంపిన కేసులో 2018 ఏప్రిల్ 5న సల్మాన్ ఖాన్‌కు అయిదేళ్ల శిక్ష పడింది. ఆ కేసును అన్నాళ్లు మోసింది అక్కడి బిష్నోయ్ పల్లెవాళ్లు. క్రికెటర్ మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ మీద 2005లో హర్యానాలో కృష్ణజింక కేసే పెట్టారు.

కానీ రక్షణ ఒక్కటే చాలదని అప్పటి కర్నూలు జిల్లాలోని రోళ్లపాడు చెప్పింది. బట్టమేకపిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు. కాపలా మధ్య కృష్ణజింకలు బాగా పెరిగి చుట్టుపక్కల చేలలో పడ్డాయి. రైతుకు కోపం వచ్చింది, ఆ కోపం అభయారణ్యం మీదికే పోయింది. బట్టమేకపిట్ట రోళ్లపాడులో దాదాపు కనుమరుగైపోయింది. ఊరితో మాట్లాడకుండా గీసిన గీత ఎవరినీ కాపాడదు.

పంట పాడుచేస్తుంటే కాల్చొచ్చా అని రైతులు అడుగుతారు. చట్టం వివరంగానే ఉంది. రెండో షెడ్యూల్‌లోని అడవిపందిలాంటివి పంటకు నష్టం చేస్తే ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతితో కాల్చొచ్చు. తెలంగాణలో అధీకృత షూటర్లతో అడవిపందులను కాల్పించిన సందర్భాలున్నాయి. మొదటి షెడ్యూల్‌లోని కృష్ణజింకకు పంట నష్టం సాకు చెల్లదు. అది మనుషుల ప్రాణానికి ముప్పయినప్పుడో, కోలుకోలేని జబ్బుతో ఉన్నప్పుడో తప్ప చంపే అనుమతి ఇవ్వకూడదు. ముందు పట్టుకోవాలి, మత్తివ్వాలి, వేరేచోటికి తరలించాలి. ఇవేవీ కుదరకపోతేనే చివరి మాట. బీహార్ కేసు గుర్తుకు తెచ్చుకుందాం. 2015 డిసెంబర్‌లో కేంద్రం అక్కడి కొన్ని జిల్లాల్లో నీల్‌గాయినీ, అడవిపందినీ ఏడాది పాటు కాల్చదగినవిగా ప్రకటించింది. 2016 జూన్‌లో మొకామాలో రెండొందలకు పైగా నీల్‌గాయిలను కాల్చినవాళ్లు హైదరాబాద్ నుంచి పోయిన షూటర్లు. ఆ కాల్పుల మీద ఇద్దరు కేంద్రమంత్రులు బహిరంగంగా గొడవపడ్డారు. అక్కడ కాల్చింది మంచి రైఫిల్‌తో, ఎరిగిన చేతులతో. అయినా దేశం ఒప్పుకోలేకపోయింది.

కోస్గి, మక్తల్ చేలలో రైఫిలూ లేదు, ఎరిగిన చేయీ లేదు. ఉన్నది జీఐ తీగ ఉచ్చు, లేదా మోటారు కోసం లాగిన కరెంటు లైన్ నుంచి చేను చుట్టూ నేల మీద పరిచిన తీగ. తీగలో తగులుకున్న జింక విదిలించే కొద్దీ బిగుసుకుంటుంది. కరెంటు తీగ జింకనూ, పందినీ, కుక్కనూ, పొద్దున్నే నీళ్లు కట్టడానికి పోయిన పక్కచేను మనిషినీ ఒకే తీరుగా పట్టుకుంటుంది. ఇలాంటి తీగకు ప్రాణాలు పోయిన రైతుల వార్తలు తెలంగాణలో ఏటా వస్తూనే ఉన్నాయి. టెక్సాస్ వేటగాడు .243నా .270నా అని గంటలు ఆలోచించేది జింక విలవిల్లాడకుండా పోవాలని. ఇక్కడ తీగ కట్టినవాడికి ఆ ఆలోచనకు తీరిక లేదు, తీరిక ఇవ్వని పరిస్థితి మనమందరం కలిసి చేసిపెట్టాం. తీగ కట్టిన రైతును నేరస్థుడని జైల్లో పెట్టడం తేలిక. అతడి చేనుకు జింక రాకుండా ఆపే బాధ్యత ప్రభుత్వానిదని ఒప్పుకోవడమే కష్టం.

దారి లేకపోలేదు. 2025 అక్టోబర్‌లో మధ్యప్రదేశ్ షాజాపూర్ జిల్లాలో పంటచేలలోని కృష్ణజింకలను హెలికాప్టర్‌తో తోలి, నోరు వెడల్పు, కొస ఇరుకు ఉండే గరాటు ఆకారపు బోమాల్లోకి రప్పించి, లారీలెక్కించి అభయారణ్యాలకు చేర్చారు. ఆఫ్రికాలో పుట్టిన పద్ధతి ఇది. మత్తుసూది కంటే మేలు. కృష్ణజింక గుండె బెదురుకే ఆగిపోయేంత సున్నితం, దాన్ని ఒక్కొక్కటిగా పట్టబోతే దారిలోనే పోయే ప్రమాదం ఉంది. కంటికి అడ్డుగా పరదాలు కట్టి, మెల్లగా నడిపిస్తే మందగా లోపలికి పోతుంది. ఖర్చయిన పనే. ఒక వానాకాలం మక్తల్, మాగనూరు, కృష్ణా మూడు మండలాల రైతులు పోగొట్టుకునే విత్తనం, ఎరువు, కూలీ లెక్కగట్టి చూస్తే అంత పెద్ద ఖర్చేం కాదు.

నిలువురాళ్లకు పేరున్న ముడుమాల్ వైపు కృష్ణజింకల పునరావాస కేంద్రం కట్టాలన్న ప్రతిపాదన చాన్నాళ్లుగా వినిపిస్తోంది. కట్టాలి. కాకపోతే కొన్ని పదుల ఎకరాల కంచెలో మందను మూసిపెడితే అది జూ అవుతుంది, జింక బయలుకు పుట్టింది. నదీతీరాన మిగిలిన బంచరాయి, బీడుభూములను ముందు లెక్కతీసి, వాటిని ప్లాట్లు కాకుండా ఆపి, పొట్టిగడ్డి పెంచితే చేను మీద భారం తగ్గుతుంది. మొదటి షెడ్యూల్ జంతువును తరలించాలంటే కేంద్రం ముందస్తు అనుమతి కావాలి, కాబట్టి కాగితం ఇప్పుడే కదలాలి. కంది కోత డిసెంబర్, జనవరిల్లో అయిపోతుంది. ఆ తర్వాత చేలు ఖాళీ, బోమా కట్టడానికి జాగా దొరుకుతుంది, పంట పాడవుతుందన్న బెంగ ఉండదు. మళ్లీ జూన్‌లో పత్తి గింజ భూమిలో పడేలోపు మాగనూరు, కృష్ణా మండలాల్లో మొదటి మందనైనా కదిలించాలి. జిల్లా కలెక్టర్, అటవీశాఖ, మూడు మండలాల రైతులు ఒకే బల్ల దగ్గర కూర్చుని తేదీ వేసుకోవాల్సింది ఆ అయిదు నెలల మధ్యే.